వక్కతోట నుండి వైద్యశాల వరకు: యువకుల నోటి కాన్సరు కథ

శ్రీ సత్యసాయి జిల్లాలో, కర్ణాటక సరిహద్దు నానుకొని ఉన్న అమరాపురమున క్రీ. శ. 1278 నాటి శాసనమొకటి కలదు. నిడుగల్లు రాజధానిగా ఏలుచుండిన ఇరుంగోళదేవ చోళుని కాలమున, మల్లిసెట్టి అను జైన గృహస్థుడు ఒక బసదికి 2,000 పోకచెట్లను దానము చేసినట్లు ఆ శాసనము తెలుపుచున్నది. గుడికి బంగారము ఇచ్చినవారిని, మాన్యములు వ్రాసి ఇచ్చినవారిని శాసనములలో తరచుగా చూచుచుందుము. ఇతడు ఇచ్చినది పోకచెట్లు. తరతరములు నిలిచి ఆదాయమిచ్చు ఆస్తిగా ఈ చెట్టును ఆనాటివారు ఎంచినారని దీనినిబట్టి తెలియుచున్నది. పోక అన్నను, వక్క అన్నను ఒకటే. ఏడువందల ఏండ్లకు పైబడిన తరువాత నేటికిని అమరాపురము, అగళి, రొళ్ల, మడకశిర ప్రాంతములలో వక్కతోటలు రైతుకు అన్నము పెట్టుచున్నవి.

ఆ వక్కకు మరియొక చరిత్ర కూడ కలదు. అది వైద్యశాలలలోను, ప్రయోగశాలలలోను జరిగిన చరిత్ర. ఇరువది, ముప్పది ఏండ్ల యువకుడు నోరు తెరవలేక, కారము తగిలినచో మంట కోర్వలేక వైద్యుని వద్దకు వచ్చుట నేడు మన దేశమున అరుదైన విషయము కాదు. వారిలో కొందరికి కొన్ని ఏండ్లకు నోటి కాన్సరు కనిపించును. పూర్వము పల్లెలలో రాచపుండు అని భయముతో చెప్పుకొన్న ఈ వ్యాధి ఎక్కువగా ముసలితనములో వచ్చునదిగా పేరుపడినది. అది యువకుల దాపునకు ఎట్లు వచ్చినది? దీనిలో వక్క పాత్ర ఎంత? ఈ ప్రశ్నలకు సమాధానము దొరకుటకు శాస్త్రజ్ఞులకు నూరేండ్లు పట్టినది. ఆ కథ తెలిసినచో, నివారణ మార్గము కూడ దానిలోనే కనిపించును.

తాంబూలములో చేరిన పొగాకు

తాంబూలము మనకు క్రొత్త కాదు. 1443లో విజయనగరమునకు వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాకు, అక్కడివారు ఆకు, వక్క, సున్నము కలిపి నమలుటను తన గ్రంథములో విపులముగా వర్ణించినాడు. 1565లో తళ్ళికోట యుద్ధము తరువాత విజయనగర ప్రభువులకు రాజధానియైన పెనుకొండ అమరాపురమునకు దూరమేమియు కాదు. పెండ్లికి, పేరంటమునకు, వాయనమునకు తాంబూలము లేనిదే జరుగదు. ఇట్టి వస్తువును ఎవరైనను అనుమానింతురా?

ఈ పాత తాంబూలములో పొగాకు లేదు. పొగాకు అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసువారి ఓడలలో అది మన తీరమునకు చేరినది. 1604 ప్రాంతమున బిజాపూరు నుండి అసద్ బేగు అను ఉద్యోగి దానిని అక్బరు కొలువునకు తీసికొనిపోయిన కథ ప్రసిద్ధమే. క్రమముగా పొగాకు తాంబూలములో కూడ చేరినది. అప్పటి నుండి ఒకే బుగ్గలో ఆకు, వక్క, సున్నము, పొగాకు అను నాలుగు వస్తువులు కలిసి నానసాగినవి. తరువాతి కాలమున వైద్యులకు వచ్చిన చిక్కంతయు ఇదియే. నలుగురు కలిసి ఉన్నచోట నేరము జరిగినది, నేరస్థుడు ఎవరు?

తొలి అనుమానములు

ఒక అలవాటు వలన, లేక ఒక వృత్తి వలన కాన్సరు రావచ్చునని మొదట స్పష్టముగా చూపినవాడు లండను శస్త్రవైద్యుడు పెర్సివాల్ పాట్. పొగగొట్టములు శుభ్రపరచు పనివారికి వచ్చు ఒక విధమైన కాన్సరునకు కారణము, వారి చర్మపు ముడుతలలో చేరిన మసియేనని అతడు 1775లో వ్రాసినాడు. వారు చిన్నపిల్లలుగా ఉన్నపుడే ఆ పనిలో ప్రవేశించెడివారు. వ్యాధి మాత్రము ఏండ్ల తరువాత బయటపడెడిది. కారణమునకు, కార్యమునకు నడుమ ఇంత ఎడము ఉండుట కాన్సరు లక్షణము. ఈ ఎడము వలననే మనిషి మోసపోవుచున్నాడు.

మన దక్షిణదేశమున ఈ దృష్టితో నోటి కాన్సరును చూచినవారిలో మద్రాసు జనరల్ ఆసుపత్రికి చెందిన నిబ్లాకు ఒకడు. తాంబూలమునకు, బుగ్గ కాన్సరునకు గల సంబంధమును గూర్చి అతడు 1902లో వ్రాసినాడు. తిరువాన్కూరు సంస్థానములోని నెయ్యూరు మిషన్ ఆసుపత్రిలో తాను చేసిన 209 శస్త్రచికిత్సలను ఫెల్స్ అను వైద్యుడు 1908లో వివరించినాడు. అదే ప్రాంతమున పనిచేసిన ఓర్ 1933లో వ్రాయుచు ముఖ్యముగా పొగాకుపై వ్రేలు చూపినాడు. నమిలిన ముద్దను ఏ బుగ్గన దాచుకొందురో, ఆ బుగ్గననే పుండు పుట్టుట వారందరు గమనించిన విషయము.

తెలుగు దేశమునకు ఈ చరిత్రలో ప్రత్యేక స్థానము కలదు. విశాఖపట్టణమున కిని, సుబ్బారావు అను వైద్యులు 1937లో ఒక వింత విషయమును లోకమునకు తెలిపినారు. ఉత్తర సర్కారు తీరమున చుట్టను మండెడి కొస నోటిలోపల ఉంచుకొని త్రాగు ఆచారము కలదు. దీనినే అడ్డపొగ అందురు. స్త్రీలలో ఇది ఎక్కువ. ఇతర దేశములలో అంగిలి కాన్సరు అరుదు. ఈ తీరమున అది తరచుగా కనిపించినది. అంగిలికి తగులునది నిప్పు, పొగ కదా! తరువాత పిండ్‌బోర్గు, మెహతా మొదలగువారు శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి 1971లో ఈ సంగతిని దృఢపరచినారు. చుట్ట తగిలిన చోట అంగిలిలోను, ముద్ద తగిలిన చోట బుగ్గలోను వ్యాధి పుట్టుచున్నది. అనగా కారణము బయటినుండి వచ్చుచున్నది. కాబట్టి దానిని ఆపుటయు సాధ్యమే.

ఈ పరిశోధనల వలన పొగాకు నేరము రుజువైనది. అందులో సందేహము లేదు. కాని, ఒక దోషి దొరికినంతనే ప్రక్కనున్నవానిని విచారించుట మానివేయు ప్రమాదము కూడ కలదు. వక్క విషయములో జరిగినది అదియే.

బిగిసికొను నోరు

1952లో ష్వార్ట్స్ అను వైద్యుడు ఆఫ్రికాలోని కెన్యాలో నివసించు ఐదుగురు భారతీయ స్త్రీలలో ఒక క్రొత్త వ్యాధిని చూచినాడు. నోటిలోపలి మెత్తని పొర పాలిపోయి, తోలువలె బిగిసి, నోరు తెరచుకొనుట కష్టమైనది. కారణము తెలియక, కారణము లేని వ్యాధి యను అర్థము వచ్చు లాటిను పేరు పెట్టినాడు. మరుసటి ఏట బొంబాయిలో జోషి ఇట్టి రోగులనే వర్ణించి, సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అను పేరు పెట్టినాడు. పొర క్రింద నార పెరుగుట అని దాని అర్థము. 1956లో టాటా స్మారక ఆసుపత్రికి చెందిన పేమాస్టరు, ఇట్టి రోగులలో కొందరికి కాన్సరు వచ్చుటను గుర్తించినాడు.

దీనికి కారణమేమి? మొదట అనుమానము పడినది మన మిరపకాయపై! కారము తిన్నచో ఈ రోగులకు మంట పుట్టుట చూచి, బహుశః కారమే కారణమై ఉండవచ్చునని తలచినారు. సిర్సాత్, ఖనోల్కరు 1960లో మిరపలోని కాప్సైసిను అను పదార్థమును ఎలుకల అంగిలికి పూసి ప్రయోగములు చేసినారు. కాని మిరప తినువారు లోకమున కోట్లమంది కలరు. మెక్సికోవారు మనకంటె తక్కువ తినరు. వారిలో ఈ వ్యాధి కనిపించదు. కారము తగిలినపుడు మంట పుట్టుట వ్యాధి లక్షణమేగాని, వ్యాధి కారణము కాదు. లక్షణమును కారణముగా పొరబడుట విజ్ఞానశాస్త్రమున ఎంత సులభమో విద్యార్థులకు చెప్పుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

వక్క దొరికిన విధము

నలుగురు అనుమానితులలో ఒకరిని వేరుచేయవలెనన్నచో, వారు విడివిడిగా ఉండు చోటు వెదకవలెను. అట్టి చోట్లు దొరికినవి. తైవాను దీవిలో వక్క నములుదురు. అందులో పొగాకు కలుపరు. అయినను అక్కడ నోటి కాన్సరు హెచ్చుగానే ఉన్నది. దక్షిణ ఆఫ్రికాలోని నేటాలునకు 1860 నుండి కూలిపనికై ఓడలలో వెళ్లినవారిలో తెలుగువారు, తమిళులు పెక్కుమంది కలరు. వారి సంతతిలోని స్త్రీలలో పొగాకు లేకుండ వక్క మాత్రమే నమలు అలవాటు నిలిచిపోయినది. అక్కడి భారతీయులలోని నోటి కాన్సరును పరిశీలించి వాన్ వైక్ మొదలగువారు 1993లో ప్రకటించిన వ్యాసము వక్క వైపే చూపినది.

మన దేశమున గుప్త, సినోరు మొదలగువారు గుజరాతులోని భావనగరు జిల్లాలో చేసిన పరిశీలన 1998లో వెలువడినది. పొగాకు గాని, వక్క గాని వాడు 5,018 మంది పురుషులను పరీక్షింపగా 164 మందిలో నోరు బిగిసికొను వ్యాధి కనిపించినది. వారిలో నలుగురు తప్ప తక్కినవారందరు వక్క వాడువారే. వ్యాధి యొక్క బరువు 35 ఏండ్లకు లోబడినవారి మీదనే హెచ్చుగా పడినది. వ్యాధి తరువాత ఏమగునో తెలుపునది ఎర్ణాకుళము జిల్లాలోని మరియొక పరిశీలన. అచ్చట 66 మంది రోగులను 17 ఏండ్లపాటు కనిపెట్టి చూడగా 5 గురికి కాన్సరు వచ్చినట్లు 1985లో ప్రకటించినారు.

ఈలోగా ప్రయోగశాలలు కూడ సాక్ష్యమిచ్చినవి. వక్కలో ఆరికోలిను అను క్షారద్రవ్యము కలదు. నమిలినపుడు ఒళ్లు వెచ్చబడి హుషారు కలిగించునది, మరల మరల కావలెననిపించునది ఇదియే. ఇది పొర క్రిందనున్న కణములను ప్రేరేపించి, కొల్లాజెను అను నార పదార్థమును అధికముగా పుట్టించును. వక్కలో రాగి అంశ హెచ్చు. ఆ రాగి, నార పోగులను ఒకదానితో ఒకటి ముడివేయు ఎంజైమును బలపరచును. వక్కలోని వగరు పదార్థములు ఆ ముడులను విడిపోనీయవు. చర్మమును తోలుగా పదును చేయుటకు వగరు పదార్థములనే వాడుదురని గుర్తుంచుకొనిన, ఈ సంగతి తేలికగా బోధపడును. ఇదిగాక, ఆరికోలిను నుండి నోటిలోనే నైట్రోసమైనులు అను కాన్సరు కారకములు పుట్టవచ్చును.

కాన్సరు పరిశోధనకై ఏర్పడిన అంతర్జాతీయ సంస్థ 1985లో పొగాకు కలిసిన తాంబూలమును మాత్రమే నిశ్చయముగా కాన్సరు కారకమని ప్రకటించినది. పొగాకు లేని తాంబూలమును గూర్చి అప్పటికి సాక్ష్యము చాలలేదు. 2004లో ప్రకటించిన సంపుటములో, పొగాకు లేని తాంబూలమును, విడిగా వక్కను కూడ అదే మొదటి తరగతిలో చేర్చినది. నెయ్యూరు నుండి ఈ తీర్పు వరకు సుమారు నూరేండ్లు.

పొట్లము తెచ్చిన మార్పు

తాతలు వేసికొన్నపుడు రాని ఆపద మనుమలకు ఎందుకు వచ్చుచున్నదని అడుగవచ్చును. తాతలకు రాలేదనుట నిజము కాదు. కాని వారికి ఎక్కువగా ఆలస్యముగా వచ్చినది. తాంబూలము తయారు చేసికొనుటకు ఆకు కావలెను, సున్నము కావలెను, తీరిక కావలెను. పెద్దల యెదుట పిల్లలు వేసికొనరాదను కట్టుబాటు కూడ ఉండెను. 1970 ప్రాంతము నుండి గుట్కా, పాన్ మసాలా అనునవి చిన్న పొట్లములలో వచ్చినవి. ఎండిన వక్కపలుకులు, కాచు, సున్నము, సువాసన ద్రవ్యములు కలిపి పొడిచేసి కట్టినదే పాన్ మసాలా. దానికి పొగాకు చేర్చినది గుట్కా. జేబులో పట్టును, దారిలో దొరకును, చిల్లరతో వచ్చును. ఆకు లేదు; ఎండు వక్క పాలు హెచ్చు. తీపి కలిపిన వక్కపలుకుల పొట్లములు బడి పిల్లలకు మొదటి మెట్టు. పండ్రెండవ ఏట మొదలైన అలవాటు, పాట్ చెప్పిన ఆ ఎడమును దాటునప్పటికి మనిషికి ఇంకను ముప్పది నిండకపోవచ్చును.

అంతర్జాతీయ సంస్థవారే 2024లో ఒక లెక్క ప్రకటించినారు. 2022లో ప్రపంచమున వచ్చిన నోటి కాన్సరులు సుమారు 3,89,800. వానిలో 1,20,200 పొగరాని పొగాకు వలనను, వక్క వలనను వచ్చినవి. ఆ 1,20,200 లో 83,400 మన దేశమువే.

యువకులలో కాన్సరు పెరుగుచున్నదను మాట నేడు లోకమంతట వినవచ్చుచున్నది. 2023లో వెలువడిన ఒక అధ్యయనము ప్రకారము 14 మొదలు 49 ఏండ్లవారిలో క్రొత్తగా కాన్సరు వచ్చినవారి సంఖ్య 1990 నుండి 2019 నాటికి 79 శాతము పెరిగినది. ఈ అంకెను జాగ్రత్తగా చదువవలెను. ఈ కాలమున జనాభా కూడ పెరిగినది. వ్యాధిని గుర్తించు సాధనములు పెరిగినవి. కాబట్టి సంఖ్య పెరుగుట వేరు, లక్షమందికి ఇందరను రేటు పెరుగుట వేరు. రొమ్ము, ప్రేగు మొదలగువాని కాన్సరులు యువకులలో పెరుగుటకు కారణములు ఇంకను పరిశోధనలో ఉన్నవి. నోటి కాన్సరు విషయములో అట్లుకాదు. ఇక్కడ ముఖ్యమైన కారణములు తెలిసినవి. తెలిసిన కారణమును విడిచిపెట్టుట కంటె పెద్ద నష్టము లేదు.

బడి చేయదగిన పని

నివారణ సాధ్యమా? సాధ్యమని చూపినది కూడ మన శ్రీకాకుళమే. 1977 నుండి శ్రీకాకుళము, ఎర్ణాకుళము, భావనగరు జిల్లాలలో సుమారు 36,000 మంది పొగాకు వాడుకదారులకు ఇంటింటికి వెళ్లి బోధించి, నోళ్లు పరీక్షించి, ఏటేట ఫలితములు చూచినారు. అలవాటు మానినవారు, తగ్గించుకొన్నవారు పెరిగినారు. కాన్సరునకు ముందు వచ్చు మచ్చలు తగ్గినవి. మందు లేదు, కత్తి లేదు, మాట మాత్రమే. తిరువనంతపురమున జరిగిన మరియొక పెద్ద పరిశోధన 2005లో ఇంకొక సంగతి తెలిపినది. ఆరోగ్య కార్యకర్తలు మంచి వెలుతురులో కంటితో నోటిని పరీక్షించుట వలన, పొగాకు గాని మద్యము గాని వాడువారిలో నోటి కాన్సరు మరణములు 34 శాతము తగ్గినవి.

నేడు మన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో నోటి కాన్సరునకై చేయు పరీక్ష 30 ఏండ్లు నిండినవారికి ఉద్దేశింపబడినది. కాని నోరు బిగియుట అంతకు ముందే మొదలగును. ఆ నడుమ కాలములో యువకుని ప్రతిదినము చూచువాడు వైద్యుడు కాడు, ఉపాధ్యాయుడు. కాబట్టి ఈ క్రింది సంగతులు ప్రతి ఉన్నత పాఠశాలలోను తెలిసియుండుట మంచిది.

సాధారణముగా ఎవరి మూడు వ్రేళ్లు వారి ముందరి పండ్ల నడుమ నిలువుగా పట్టవలెను. పట్టనిచో, లేక మునుపటికంటె తెరపు తగ్గినచో వైద్యునికి చూపవలెను. మామూలు కారమే మంట పుట్టించుట, బుగ్గలోపల తెల్లని లేక ఎర్రని మచ్చ, రెండు వారములలో మానని పుండు, తగిలిన గట్టిదనము, ఇవి ఉపేక్షింపదగినవి కావు. నొప్పి లేదని ఊరకుండరాదు. తొలిదశలో నొప్పి ఉండకపోవచ్చును. ఒకమారు పెరిగిన నార పూర్తిగా కరుగదు. కాని వక్క మానినచో వ్యాధి ముదురుట తగ్గును. ఎంత త్వరగా మానిన అంత మేలు. అమరాపురము వైపువారికి పెద్ద చికిత్స అవసరమైనచో బెంగుళూరులోని కిద్వాయి స్మారక సంస్థ అందుబాటులో ఉన్నది.

చట్టము కొంత సహాయము చేయును. 2003 నాటి చట్టము ప్రకారము 18 ఏండ్లలోపువారికి పొగాకు వస్తువులు అమ్మరాదు. విద్యాసంస్థలకు 100 గజముల లోపల అమ్మరాదు. 2012 నుండి పెక్కు రాష్ట్రములు గుట్కాను నిషేధించినవి. కాని ఈ కట్టుబాట్లు ముఖ్యముగా పొగాకు కలిసిన సరకునకే. పొగాకు లేదని అట్టపై వ్రాసిన వక్కపొట్లము బడి యెదుటి అంగడిలో నిరాటంకముగా దొరకును. ‘పొగాకు లేదు’ అనుటకు ‘హాని లేదు’ అని అర్థము కాదని పిల్లలకు చెప్పగలిగినచో, ఈ నూరేండ్ల పరిశోధన వారికి చేరినట్లే.

ఇక రైతు మాట. అమరాపురపు తోటమాలిని దోషిగా నిలబెట్టుట న్యాయము కాదు. వానలు తక్కువైన సీమలో బావి త్రవ్వి, ఏండ్ల తరబడి కాచి పెంచిన చెట్టు అది. అతని కుటుంబమునకు వేరొక ఆధారము చూపక చెట్టు నరుకుమనుట సులభమైన మాట మాత్రమే. వక్కపట్టతో పళ్లెములు, దొప్పలు చేయు పరిశ్రమ కర్ణాటకలో ఇప్పటికే నడచుచున్నది. ఇట్టి ఉపయోగములను పెంచుట, తోటలో ఇతర పంటలను కలుపుట పెద్దలు ఆలోచింపదగిన విషయములు. ఇవి నెమ్మదిగా జరుగు పనులు. తోటవాని కొడుకు నోటిని కాపాడుట మాత్రము అంతవరకు ఆగరాదు. ఒలుచుచు, ఎండబెట్టుచు వక్క నడుమ పెరుగు ఆ పిల్లవానికే అది అందరికంటె ముందుగా చేతికి అందును.

మల్లిసెట్టి తన 2,000 చెట్లను ధర్మమునకై ఇచ్చినాడు. ఆనాడు అతనికి తెలియనిది నేడు మనకు తెలిసినది. జీవశాస్త్ర పాఠములో కణమును గూర్చి చెప్పునపుడు, ఒక అద్దము తెప్పించి, విద్యార్థులను నోరు తెరచి చూచుకొనుడని చెప్పుటకు ఉపాధ్యాయునకు ఐదు నిమిషములు చాలును. మూడు వ్రేళ్లు పట్టని పిల్లవాడు ఒక్కడు దొరికి, అతడు ఆ నాడే వక్క మానినను ఆ పాఠము సార్థకమైనట్లే.